పార్కు యాడుంది మామా?

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల... పాలమూరు నేలమీద మూడు ఊళ్లు. చెరువుగట్లు, రాజుల కోటలు, కాలనీల్లో ఖాళీ జాగాలు... పచ్చని నీడను వెతుక్కుంటూ మామయ్యతో కలిసి ఒక ఆదివారం తిరిగొస్తే!

పొద్దున అయిదున్నర. మామయ్య మిద్దె మీద నడుస్తున్నాడు. మెట్ల దగ్గర్నుంచి నీళ్లట్యాంకు దాకా ఇరవై రెండు అడుగులు. అక్కడ వెనక్కి తిరిగితే మళ్లీ ఇరవై రెండు. ఇలా ముప్పావుగంట. కింద వాకిట్లో ముగ్గు వేస్తున్న అత్తమ్మ తల పైకెత్తి, ‘‘మీ మామకు శిక్ష పడ్డది బిడ్డా’’ అని నవ్వింది.

శిక్ష వేసింది డాక్టరు. షుగరు ఉంది, రోజూ నడవాల్సిందే అన్నాడట. మొదట్లో మామయ్య మెయిన్‌రోడ్డు పక్కనే నడిచేవాడు. ఒక మబ్బు పొద్దున వెనక నుంచి వచ్చిన మోటారుసైకిల్ మోచేతిని తాకించుకుంటూ పోయింది. ఆరు వారాలు పిండికట్టు. అప్పట్నుంచీ ఆయన నడక మిద్దె మీదికి ఎక్కింది.

‘‘మరి మీ కాలనీలో పార్కు ఉందన్నావు కదా మామా, యాడుంది?’’ అని అడిగాను.

మామయ్య మాట్లాడకుండా లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక మడత కాగితం తెచ్చాడు. ప్లాటు కొన్ననాటి లేఅవుట్ పటం. మడతల దగ్గర చిరిగితే గోధుమరంగు టేపు అంటించి ఉంది. రోడ్లు, ప్లాటు నంబర్లు, మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన ఒక గడి. అందులో ‘పార్కు’ అని రాసి ఉంది. ‘‘ఈ పచ్చ గడిని జూసే ఈడ ప్లాటు కొన్న’’ అన్నాడు.

వీధి చివరికి వెళ్లి చూస్తే ఆ గడి నిజంగానే ఉంది. అందులో రెండు ఇసుక కుప్పలు, సెంట్రింగ్ చెక్కలు, తుమ్మకంప, మూలన తాళం వేసిన ఒక రేకుల గది. ఆకుపచ్చగా ఉన్నది తుమ్మకంప ఒక్కటే!

ఇది ఏ ఊరన్నది మాత్రం చెప్పను. మూడు ఊళ్లలోనూ ఎవరికివారు ‘మా కాలనీయే’ అనుకుంటారని నా నమ్మకం.

‘‘పా మామా, ఈ పూట వేరే ఊళ్ల పార్కులు చూసొద్దాం’’ అన్నాను. రిటైరైన హెడ్మాస్టరు కదా, పిక్నిక్ అంటే కాదనడు. ‘‘పార్కులు జూడనీకి హైదరాబాద్ నుంచి ఈడికొచ్చిన మొదటోడివి నువ్వే అల్లుడూ’’ అంటూ చెప్పులు తొడుక్కున్నాడు. అత్తమ్మ జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టిచ్చింది. మృగశిర వెళ్లి రెండు వారాలైంది. తొలకరి ఒకసారి పలకరించి పోయింది. కారు కదిలింది.

కేసరి సముద్రం గట్టున

మొదటి మజిలీ నాగర్‌కర్నూల్. పాతవాళ్లు ఇప్పటికీ ‘కందనూలు’ అనే అంటారు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు గద్వాల, వనపర్తిలతో పాటు ఇదీ జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు వచ్చింది, కొత్త కాలనీలు పుట్టుకొచ్చాయి, భూముల ధరలు పెరిగాయి. ఊరు పెరిగినంత వేగంగా పార్కులు పెరుగుతాయా అంటే, అది వేరే కథ.

ఇక్కడ పొద్దున్నే జనం కనిపించే చోటు కేసరి సముద్రం. పేరుకి సముద్రం, నిజానికి చెరువు. ఈ ప్రాంతమంతా పెద్ద చెరువుని సముద్రమని పిలుచుకోవడం అలవాటు. నీళ్లకు మొహం వాచిన నేల మరి! వానలు ముఖం చాటేస్తే పాలమూరు కూలీలు మూటాముల్లె సర్దుకుని బొంబాయికీ, పుణెకీ వలస వెళ్లిన రోజులు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. ఇలాంటి చోట నిండిన చెరువుని చూడటమే ఒక పండగ. శ్రీశైలం వెనక జలాల నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల పథకం నీళ్లు వచ్చాక ఈ వైపు చెరువులకు మళ్లీ కళ వచ్చింది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయడంతో పాటు, నియోజకవర్గానికో చెరువుకట్టని ‘మినీ ట్యాంక్‌బండ్’గా తీర్చిదిద్దాలని అనుకున్నారు. హైదరాబాద్‌ ట్యాంక్‌బండ్ మీద సాయంత్రాలు గడిపినవాళ్లకి ఆ పేరులోని ఊరింపు తెలుసు. కేసరి సముద్రం అలాంటి ముస్తాబు చేసుకున్న చెరువుల్లో ఒకటి.

గట్టెక్కగానే మామయ్య మొహం విప్పారింది. అడుగులు లెక్కపెట్టాల్సిన పని లేదు, వెనక్కి తిరగాల్సిన పని లేదు. నీళ్ల మీంచి వచ్చే చల్లటి గాలి. చీరకొంగు నడుముకి చుట్టి, కాళ్లకు బూట్లు వేసుకుని జంటలుగా నడిచే ఆడవాళ్లు. చెవిలో పాట పెట్టుకుని పరుగెత్తే కుర్రాడు, పోలీసు పరీక్షకు తయారవుతున్నాడట. ఒడ్డున కొంగల బారు.

అయితే ఎనిమిదిన్నర అయ్యేసరికి గట్టు ఖాళీ. కారణం చెప్పక్కర్లేదు, నెత్తి మీద ఎండ. ‘‘నాలుగు చెట్లు పెట్టొచ్చు గదా’’ అన్నాడు మామయ్య చెమట తుడుచుకుంటూ. నాకూ అదే అనిపించింది. కానీ దీనికో చిక్కుంది. మట్టికట్ట మీద పెద్ద చెట్లు పెంచనివ్వరు. వేళ్లు కట్టలోకి చొచ్చుకుపోతాయి. చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ దారి వెంట నీళ్లు ఊరి, కట్టకే ప్రమాదం. అందుకే గట్టు మీద పూలమొక్కలు, గడ్డి, రెయిలింగు, దీపాలు. నీడ కావాలంటే కట్ట దిగువన, పాదానికి దూరంగా పెంచుకోవాల్సిందే.

అంటే చెరువుగట్టు మంచి పార్కే. కానీ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే. మే నెల మధ్యాహ్నం ఉక్కపోతకు ఇంట్లో ఉండలేని ముసలమ్మకి, సెలవుల్లో పిల్లాడికి అది పనికిరాదు.

పేరులోనే వనం

బిజినేపల్లి మీదుగా వనపర్తి. పేరులోనే వనం ఉన్న ఊరు! ఒకప్పటి వనపర్తి సంస్థానానికి రాజధాని. నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు... ఇలా పేరున్న సంస్థానాలు కొన్ని పాలమూరులో పక్కపక్కన ఉండేవి. రాజులు పోయారు, రాజభవనాలు మిగిలాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. రాజులు కొలువుతీరిన చోట పల్లెటూరి పిల్లలు ఇంజినీరింగ్ డ్రాయింగ్ నేర్చుకున్నారు.

ఇలాంటి పాత భవనాల దగ్గర ఆగినప్పుడు మనసుకి ముందు తగిలేది నీడ. తరాల నాటి చెట్టు కింద నిలబడితే ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. బయట పెనం, లోపల కుండ!

రాజులు తోటలు వేయించుకోవడం ఎక్కడైనా ఉన్నదే. ఆ తోటలు జనానివి కావడమే కొత్త సంగతి. ఇంగ్లండ్‌లో బిర్కెన్‌హెడ్ అనే ఊళ్లో 1847లో తెరిచిన పార్కును ప్రజల సొమ్ముతో, ప్రజల కోసం కట్టిన తొలి పార్కుగా చెబుతారు. ఓల్మ్‌స్టెడ్ అనే అమెరికన్ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత మరొకరితో కలిసి న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కుకి రూపమిచ్చాడు. పార్కు అంటే దొరగారి దయ కాదు, రోడ్డులా, మంచినీళ్లలా ఊరు తన కోసం తాను ఏర్పాటు చేసుకోవాల్సిన వసతి అన్న ఆలోచన అలా ఊళ్లూ దేశాలూ దాటింది.

మన రాజులు జనానికి ఇచ్చినవి తోటల కంటే ఎక్కువగా చెరువులు. వనపర్తి ప్రభువులు తవ్వించిన ఏడు పెద్ద చెరువుల్ని ఇక్కడ ‘సప్త సముద్రాలు’ అంటారు. వాటిలో ఒకటైన రంగసముద్రం శ్రీరంగాపూర్‌లో ఉంది. పెబ్బేరు దగ్గర కాస్త పక్కకి తిరిగితే చాలు. నీటి ఒడ్డున రంగనాయకస్వామి గుడి, ఎత్తైన గోపురం. చెరువు నిండుగా ఉన్నప్పుడు గోపురం నీడ నీళ్లలో పడుతుంది. మేం వెళ్లినప్పుడు నీళ్లు తక్కువే. అయినా గుడి మండపంలో రాతి చల్లదనానికి తక్కువ లేదు. జొన్నరొట్టెలు విప్పాం. పక్కన ఒక కుటుంబం పులిహోర తింటోంది. పిల్లలు స్తంభాల చుట్టూ దాగుడుమూతలు ఆడుతున్నారు. మన ఊళ్లలో వందల ఏళ్లుగా గుడి మండపమే కదా పార్కు! ముసలివాళ్లకి కూర్చునే చోటు, పిల్లలకి ఆట స్థలం, బాటసారికి నీడ.

కానీ కాలనీకో శ్రీరంగాపూర్ ఉండదు. ఊరి నడుమ చోటు లేకపోతే కారో, ఆటోనో కట్టించుకుని వెళ్లగలిగినవాళ్లకే నీడ.

తిరిగొస్తూ దారిలో మామయ్య సరళాసాగర్ సంగతి ఎత్తాడు. వనపర్తి రాజావారు తల్లి పేరిట కొత్తకోట వైపు కట్టించిన ప్రాజెక్టు అది. నీళ్లు నిండగానే ఎవరూ గేట్లు ఎత్తకుండా వాటంతటవే బయటికి దూకే సైఫన్ల ఏర్పాటు దాని ప్రత్యేకత. 1959లో పూర్తయింది. దాని గురించి మామయ్య పిల్లలకు పాఠంలా చెప్పేవాడట. అలాంటి ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబరు 31న తెగిపోయింది. ఏళ్ల తర్వాత నిండిందని మురిసిపోతుండగానే చెరువు ఖాళీ! తర్వాత బాగుచేశారనుకోండి. ‘‘కట్టుడు ఒక ఎత్తు, కాపాడుకునుడు ఒక ఎత్తు అల్లుడూ’’ అన్నాడు మామయ్య. మాస్టారు కదా, ప్రతి కథకీ నీతి ఉండాలి. ఈ నీతి పార్కులకూ పనికొస్తుందని కాసేపటికే తెలిసింది.

చట్టంలో చెట్లు

హైవే ఎక్కాం. పెబ్బేరు దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ. ఒడ్డున ఆంజనేయస్వామికి కారులోంచే దండం. వంతెన దాటితే నడిగడ్డ... కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల. ఇటు ఒక నది, అటు ఒక నది. అయినా రాష్ట్రంలో వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. ఇక్కడ మొక్క పెంచడమంటే ఆషామాషీ కాదు.

రోడ్డు నడుమ డివైడర్ల మీద వరసగా మొక్కలు కనిపిస్తుంటే చట్టాల మాట వచ్చింది. 2015 జులైలో హరితహారం మొదలైంది. 2024 నుంచి వన మహోత్సవం పేరుతో మొక్కలు నాటుతున్నారు. 2019లో వచ్చిన తెలంగాణ మునిసిపల్ చట్టం ఇంకా గట్టిది. పురపాలక సంఘం తన బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే కేటాయించాలి. వార్డుల్లో నర్సరీలు పెంచాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. బతక్కపోతే కౌన్సిలరు పదవికే ఎసరు! 2020లో పట్టణ ప్రగతి పేరుతో వార్డులన్నీ తిరిగి పనులు చేపట్టారు. ఆ రోజుల్లోనే పట్టణ ప్రకృతి వనాలు వచ్చాయి.

వాటిలో కొన్ని మియావాకీ పద్ధతిలో పెంచినవి. జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకీ పేరిట వచ్చిన పద్ధతి ఇది. చదరపు మీటరుకి మూడు నాలుగు మొక్కలు, అన్నీ స్థానిక జాతులే, దగ్గర దగ్గరగా నాటుతారు. వెలుతురు కోసం పోటీపడి మొక్కలు గబగబా ఎదుగుతాయి. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోసి, కలుపు తీస్తే తర్వాత తమ బతుకు తామే బతుకుతాయి. చిన్న జాగాలో చిట్టడవి! అయితే ఒకటుంది. చిట్టడవిలో పిల్లాడు బంతి ఆడలేడు, మామయ్య నడవలేడు. చుట్టూ బాట, రెండు బెంచీలు ఉంటేనే అది పార్కు. లేకపోతే దూరం నుంచి చూసి సంతోషించాలి.

ఏ మొక్క నాటాలన్నదీ చిన్న విషయం కాదు. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కొన్నేళ్లు కోనోకార్పస్ అనే విదేశీ మొక్కని ఊరూరా డివైడర్ల మీద, పార్కుల్లో పెట్టేశారు. పశువు ముట్టదు, ఎండకి వాడదు, కోసినట్టు నున్నగా పెరుగుతుంది. తర్వాత పుప్పొడితో అలర్జీలు, ఉబ్బసం వస్తాయన్న ఆందోళన బయలుదేరింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఇక నాటవద్దని చెప్పింది. మన వేప, కానుగ, చింత ఏం పాపం చేశాయో మరి! నిదానంగా పెరగడమే వాటి నేరం.

ఇక మామయ్య పటంలోని పచ్చ గడి. ఒక స్థలాన్ని పెద్ద లేఅవుట్‌గా చేసి ప్లాట్లు అమ్మాలంటే అందులో పది శాతం ఖాళీ జాగా వదలాలి. దాన్ని పైసా తీసుకోకుండా మునిసిపాలిటీకి రాసివ్వాలి. ఆ జాగా ఇక అమ్మినవాడిదీ కాదు, కొన్నవాళ్లలో ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. అనుమతి లేని లేఅవుట్లలో ఈ జాగానే ఉండదు. అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసేందుకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చినప్పుడు, ఖాళీ జాగా వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలన్నారు. అంటే లేని పార్కుకి కూడా ఒక ధర ఉంది! అది కట్టేది సామాన్యుడే.

‘‘ఉన్న పార్కు జాగా పోతే?’’ అన్నాడు మామయ్య. దానికీ ఒక జవాబుంది. బెంగళూరులో ఒక కాలనీలో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రి కట్టుకునేందుకు ఒక ట్రస్టుకి ఇచ్చారు. కాలనీవాళ్లు కోర్టుకెక్కారు. ఆస్పత్రి కూడా మంచి పనే కదా అన్న వాదన వచ్చింది. అయినా 1991లో సుప్రీంకోర్టు పార్కు పక్షమే నిలిచింది. పార్కు కోసం ఉంచిన చోటు పార్కుగానే ఉండాలంది. మామయ్య ఆ ముక్కని రెండుసార్లు చెప్పించుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, అరచేతిలో ‘1991’ అని రాసుకున్నాడు.

కోట నీడలో

ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే వదిలి గద్వాల చేరేసరికి మూడైంది. ఊరి నడిబొడ్డున కోట. గద్వాల ప్రభువు సోమనాద్రి పేరు ఇక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. కవుల్ని, పండితుల్ని ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం ఇది. ఎత్తైన మట్టిగోడలు, లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. కోటలో కాలేజీ ఏంటి అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. గద్వాలవాళ్లకి మాత్రం కోటంటే దేవుడూ, చదువూ ఒకచోట ఉన్న వాడకట్టు!

ఆదివారం కదా, కాలేజీ లేదు. గుడికి వచ్చేవాళ్లు, గోడ నీడన కబుర్లు చెప్పుకునేవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు. వేపచెట్టు కింద పండిన కాయలు రాలి నేలంతా పసుపు. మామయ్య ఆ చెట్టు మొదట్లో కూలబడ్డాడు. పొద్దుట్నుంచీ తిరిగినా ఆయన మొహంలో ఇంత స్థిమితం ఇప్పుడే చూశాను. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మాట కలిపాడు. ‘‘మాకు ఇదే పార్కు సారూ. కరెంటు పోతే అందరం ఈడికే’’ అన్నాడు.

మాటల్లో పిల్లలమర్రి వచ్చింది. పాలమూరు వాళ్లు నలుగురు చెట్టు కింద చేరితే ఆ ఊసు రాకుండా ఉండదు. మహబూబ్‌నగర్ దగ్గర దాదాపు మూడెకరాల్లో ఊడలు దిగిన మర్రి. ఏడు వందల ఏళ్లనాటిదని ప్రతీతి. తరాల తరబడి పిల్లలు ఎక్కి ఊగిన కొమ్మలు, బస్సులు కట్టుకొచ్చిన స్కూళ్లు. మామయ్య కూడా తన బడి పిల్లల్ని తీసుకెళ్లాడట. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగింది. చూస్తే లోపలంతా చెదలు. సందర్శకుల్ని ఆపేశారు. 2018లో మనుషులకి ఎక్కించినట్టు కొమ్మలకి సెలైన్ సీసాలు కట్టి, మందు కలిపిన నీళ్లు చుక్క చుక్కగా ఎక్కించారు. విరిగిపడకుండా కొమ్మలకి ఊతంగా దిమ్మెలు కట్టారు. చెట్టు కోలుకుంది. చెట్టుకైనా డాక్టరు కావాలి, చూసే కళ్లు కావాలి. లేకపోతే ఏడు వందల ఏళ్ల మాను కూడా నిలవదు. ఇక ఏడాది మొక్క ఎంత?

పొద్దు వాలుతుండగా జమ్మిచేడు జమ్ములమ్మని చూసుకుని జూరాల వెళ్లాం. ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు దగ్గర ఆదివారం సాయంత్రాలు జాతరే. వరద వచ్చి గేట్లెత్తితే ఇక చెప్పక్కర్లేదు. మేం వెళ్లింది వరదకి ముందు కాబట్టి నీళ్లకంటే జనమే ఎక్కువ. నూనెలో వేగుతున్న చేపల వాసన దూరం నుంచే పిలిచింది. కుటుంబాలు మోటారుసైకిళ్ల మీద ముగ్గురేసి, నలుగురేసి వచ్చి ఒడ్డున కూర్చున్నాయి. ఊరి నుంచి అంత దూరం ఎందుకు వచ్చారంటే ఒకావిడ చెప్పిన జవాబు చాలా సూటిగా ఉంది. ‘‘ఇంట్ల పిల్లలు ఫోన్లకే అంటుకపోతరు. ఈడికొస్తే ఉరుకుతరు.’’

అదొక్కటి చాలనిపించింది. పిల్లలు ఉరకడానికి ఒక చోటు. దాని కోసం వారానికోసారి ప్రాజెక్టు దాకా రావాలా?

రుమాల్లో గింజలు

రాత్రి తిరుగు ప్రయాణంలో లెక్క వేసుకున్నాం. మూడు ఊళ్లలో మూడు రకాల పచ్చదనం చూశాం. చెరువుగట్టుకి గాలి ఉంది, నీడ లేదు. కోటకి, ప్యాలెస్‌కి నీడ ఉంది. కానీ అవి కాలేజీలు, గుళ్లు. గేటు వేస్తే అడిగే హక్కు మనకి లేదు. మూడోది కాలనీలో పది శాతం జాగా. హక్కంతా మనదే, నీడే లేదు! ఇంటి నుంచి నూరడుగుల్లో ఉండేది, కర్రపట్టుకుని నడిచే ముసలాయనా, మూడేళ్ల పాపా ఎవరి సాయం లేకుండా చేరగలిగేది మాత్రం ఆ మూడోదే. మిగతా రెండూ చుట్టపుచూపు. ఇది రోజువారీ అన్నం. మినీ ట్యాంక్‌బండ్‌కి రిబ్బన్ కత్తిరించినప్పుడు ఫొటో వస్తుంది. వీధి చివర జాగాలో రెండు వేపచెట్లు బతికితే ఎవరూ ఫొటో తీయరు. అందుకే అది ఇసుక కుప్పలపాలవుతుంది.

మన తప్పూ లేకపోలేదు. ఆ జాగాలో మొదటి బస్తా చెత్త వేసింది కాలనీవాళ్లే. ఇల్లు కట్టుకునేటప్పుడు ఇసుక పోసింది కాలనీవాళ్లే. మామయ్య నిజాయతీగా ఒప్పుకున్నాడు. ‘‘మన ఇంటి కంకర గూడ ఆడనే పోసినం అల్లుడూ. ఆర్నెల్లు ఉండె.’’

ఇంటికి చేరాక జేబులోంచి రుమాలు తీశాడు. అందులో గద్వాల కోట వేపచెట్టు కింద ఏరిన పండ్లు, రెండు గుప్పెళ్లు. నాతో మాట్లాడుతూనే ఎప్పుడు ఏరాడో! అత్తమ్మ పొద్దున ఎండలో పెట్టబోతే వారించాడు. వేపగింజ దాస్తే చెడిపోతుంది. రెండు మూడు వారాలు దాటితే మొలకెత్తే బలం పోతుంది. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే నాటాలి. బడిలో పిల్లలతో ఏటా చేయించిన పనే.

నేను మళ్లీ వెళ్లింది పదిహేను రోజులకి. సమాచార హక్కు కింద లేఅవుట్ నకలు కోసం మామయ్య పెట్టిన దరఖాస్తుకి ఇంకా జవాబు రాలేదు, గడువు ఉంది. రేకుల గది తాళం అలాగే ఉంది. ఒక ఇసుక కుప్ప మాత్రం లేదు. దాని యజమాని మామయ్య దగ్గర చదువుకున్నవాడేనట, సార్ వచ్చి అడిగితే మర్నాడే ఎత్తించాడు. తుమ్మకంప కొట్టేసి చుట్టూ సన్నటి కాలిబాట చేశారు. కంపే కంచెగా పెట్టి, దాని లోపల చిన్న చిన్న పాదులు. నాలుగు పాదుల్లో రెండాకుల మొలకలు. పక్కింటి పిల్లలిద్దరు చెంబులతో నీళ్లు మోస్తూ ఎవరి మొక్క ఏదో కొట్లాడుకుంటున్నారు.

పొద్దున అయిదున్నరకి లేచి చూస్తే మిద్దె మీద చప్పుడు లేదు. కంగారుగా బయటికి వచ్చాను. వీధి చివర, మిగిలిన ఇసుక కుప్ప చుట్టూ మామయ్య నడుస్తున్నాడు. ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు తోడు.

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్‌కి జడ్చర్ల మీదుగా బస్సులున్నాయి. వనపర్తికి బెంగళూరు హైవే మీద కొత్తకోట దగ్గర, గద్వాలకి ఎర్రవల్లి చౌరస్తా దగ్గర మలుపు తీసుకోవాలి. గద్వాలకి కర్నూలు మార్గంలో రైళ్లున్నాయి. ‘వనపర్తి రోడ్’ స్టేషన్ పేరు చూసి ఊళ్లోనే దిగుతామనుకోవద్దు, అది మదనాపురంలో ఉంటుంది. చెరువుగట్లకి తెల్లవారుజాము, జూరాలకి సాయంత్రం మేలు. వరద చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు. గద్వాల వెళ్లి చీర కొనకుండా వచ్చారో, ఇంట్లో మాట పడాల్సిందే!

మీ వీధి పార్కు సంగతి తెలుసుకోవాలంటే...

ముందు మీ లేఅవుట్ పటం బయటికి తీయండి. అనుమతి పొందిన పటం నకలు, ఖాళీ జాగా మునిసిపాలిటీకి రాసిచ్చిన దస్తావేజు నకలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మునిసిపల్ కార్యాలయంలో దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. ఆక్రమణ ఉంటే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఒక్కరు కాకుండా కాలనీ అంతా సంతకాలు పెడితే బలం. ఆలోగా ఆ జాగాలో చెత్త వేయకుండా ఉండటం మన చేతిలోనే ఉంది.